మూడో నాడు రాని నేస్తం

సుభద్ర టీచరుకి ఏడవడం రాదు. అది పుట్టుకతో వచ్చిన లోపమేమీ కాదు, పెంపకం అలాంటిది. టెక్కలిలో పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆడవాళ్లు మొదట చేసే పని ఇత్తడి సామాను పెరట్లోకి దింపడం. చింతపండు పెట్టి, ముగ్గుపిండి వేసి, మొహం కనపడేదాకా తోమేవారు. అన్నయ్య పది తప్పి మూడు రోజులు ఇంటికి రానప్పుడు వాళ్లమ్మ గంగాళాన్ని తోమిన తోముడికి అరచేతులు బొబ్బలెక్కాయి గానీ కంట చుక్క రాలలేదు. మరీ ఆగనప్పుడు స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి విప్పి, బకెట్టు నిండేలోపు ఏడ్చేసి వచ్చేవారు. బకెట్టు నిండితే ఏడుపు అయిపోవాల్సిందే. పొలాలు, నగలు అందించినట్టు ఏడవకపోవడాన్ని కూడా తరతరాలుగా పిల్లలకి అందించే ఇళ్లుంటాయి. సుభద్రది అలాంటి ఇల్లు.

ఇరవయ్యారో ఏట ఆమెకి బడి ఉద్యోగం వచ్చింది. వేసింది ఉద్దానంలో, మందసకి అవతల సముద్రం చప్పుడు వినపడే సిరిపుట్టుగ అనే ఊళ్లో. ఏకోపాధ్యాయ పాఠశాల. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, మధ్యలో పనస. ఊళ్లో అద్దెకిచ్చే గదులెక్కడివి? పోలారావు అనే రైతు తన ఇంటి పక్క గది ఖాళీ చేయించి ఇచ్చాడు. ఆయన భార్య బొడ్డమ్మది సుభద్ర ఈడే. ఒంటి మీద జీడి సొన మచ్చలు, నోట్లో చుట్ట. నిప్పున్న కొస లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతూనే మాట్లాడేది, నవ్వేది, పిల్లల్ని తిట్టేది. సుభద్రకి వారం రోజులు కళ్లప్పగించి చూడ్డమే సరిపోయింది.

బొడ్డమ్మ అత్తగారు పోయినరోజు మాత్రం సుభద్ర గుండె జారిపోయింది. బొడ్డమ్మ జుట్టు విప్పుకుని వాకిట్లో కూలబడి రాగం ఎత్తుకుంది.

"ఓలమ్మ నా అత్తా! నన్ను తిట్టిన నోరు మూసేసినావా అత్తా! రేపొద్దుటేల నన్ను ఎవులు తిడతారత్తా! నాను ఒండిన కూర బాగునేదని ఎవులు సెప్తారత్తా!"

చుట్టూ చేరిన ఆడవాళ్లు వరసలు పెట్టి అందుకున్నారు. ఒకరు ఆపితే ఒకరు. చచ్చిపోయిన ముసలమ్మ మంచీ చెడ్డా, పిసినారితనం, పనస తొనల మీద యావ, అన్నీ ఆ ఏడుపులో వచ్చేశాయి. మధ్యలో ఎవరో నవ్వారు కూడా. ఇదేం అన్యాయం అనుకుంది సుభద్ర. సాయంత్రానికి చూస్తే బొడ్డమ్మ తలారా స్నానం చేసి, గంజి తాగి, చుట్ట ముట్టించి, "ఏటి టీచరమ్మా, తిన్నావా" అని అడిగింది. మొహం వాన వెలిసిన వాకిలిలా ఉంది. ఆ రాత్రి సుభద్రకి అసూయలాంటిదేదో కలిగింది, కానీ దానికి పేరు పెట్టలేకపోయింది.

ఆ ఏడు ఊరి అమ్మవారు గైరమ్మ సంబరంలో ముసలమ్మలు ఇద్దరికీ నేస్తం కట్టారు. ఆ ఊళ్లలో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. అమ్మవారి ముందు నిలబెట్టి, పసుపు రాయించి, చీరలు మార్పించి, తమలపాకులు చేతులు మార్పిస్తారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పిలిస్తే నేస్తం అనే పిలవాలి. కులాలు వేరైనా అక్కచెల్లెళ్ల కంటే ఎక్కువ. ఏడాదికోసారి సారె ఇచ్చిపుచ్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. నేస్తం ఇంట్లో చావు జరిగితే మూడో నాడు చీర పట్టుకుని వెళ్లాలి, వీధి మొగలోనే గొంతెత్తి ఏడుస్తూ వెళ్లాలి. ఆ గొంతు విని లోపలి మనిషి లేచి ఎదురొస్తుంది. ఇద్దరూ పట్టుకుని ఏడుస్తారు. వచ్చినామె తెచ్చిన చీర లోపలి మనిషి భుజాన కప్పి, తన చేత్తో మొదటి ముద్ద తినిపిస్తుంది. ఆ ముద్ద పడ్డాకే ఆ మనిషి మళ్లీ బతుకులో పడ్డట్టు లెక్క.

సుభద్ర తల్లి ఈ సంగతి విని, "ఉద్యోగానికి పంపితే చుట్టరికాలు కలుపుకొచ్చిందే" అని నవ్వి ఊరుకుంది.

తర్వాత సుభద్రకి పెళ్లయింది. భర్త ఉమామహేశ్వరరావు టెక్కలిలోనే గుమస్తా. వారమంతా ఆమె ఊళ్లో, శనివారం సాయంత్రం టెక్కలి బస్సులో. అలా నడుస్తుండగా నెల తప్పింది. నాలుగో నెలలో, బడిలో ఎక్కాలు చెప్పిస్తుండగా కడుపు జారిపోయింది. పలాస ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చింది బొడ్డమ్మే. గదిలో పడుకోబెట్టి, కాసేపు చేయి పట్టుకుని కూర్చుని, లేచి గుమ్మంలోకి వెళ్లి చతికిలబడి రాగం ఎత్తుకుంది.

"నా నేస్తం కడుపున పడ్డ కొడకా! ఊరు సూడకండా ఎలిపోనావా కొడకా! మీయమ్మ మొకవైనా..."

సుభద్రకి ఒళ్లంతా కుంచించుకుపోయింది. తన ఇంట్లో ఆ బిడ్డ గురించి ఎవరూ మాట్లాడరు. పథ్యం పెడతారు, విశ్రాంతి అంటారు, అంతే. ఇక్కడ వీధి వీధంతా వినేలా.

"ఊరుకో నేస్తం" అంది పక్కమీంచి. "నలుగురూ వింటారు. నాకు సిగ్గేస్తోంది."

బొడ్డమ్మ రాగం మధ్యలో ఆపేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "తప్పయిపోనాది నేస్తం. మీ ఇళ్లల్లో ఇలగ సెయ్యరని మరిసిపోనాను" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత సుభద్రకి మళ్లీ కడుపు పండలేదు. ఆ బిడ్డ కోసం ఈ లోకంలో ఏడ్చినది బొడ్డమ్మ ఒక్కతే. అదీ సగమే.

సుభద్రకి టెక్కలికి బదిలీ అయినా నేస్తరికం చెడలేదు. ఏటా సారెలు నడిచాయి. తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు నేలకూలినప్పుడు సుభద్ర బియ్యం మూటతో వెళ్లింది. బొడ్డమ్మ పడిపోయిన ఒక్కో మాను మీదా చెయ్యేసి, నాటిన ఏడాది చెప్పి, కాపు చెప్పి, పేరుపేరునా ఏడుస్తోంది. ఎవరో అధికారి వచ్చి, "ఏడిస్తే చెట్లు లేస్తాయామ్మా" అని జాలిగానే అన్నాడు. మూడో రోజుకి మానులు కోయించడం మొదలుపెట్టినది కూడా ఆ వీధిలో బొడ్డమ్మే. ఏడుపు పనికి అడ్డం అనుకునేవాళ్లు ఆ మూడు రోజులూ అక్కడ ఉండాల్సింది.

ఇక తప్పు సంగతి. తప్పు సుభద్రదే.

మూడేళ్ల కిందట పోలారావు పోయాడు. కిడ్నీల జబ్బు, రెండేళ్లు మంచం. కబురు తెలిసిన రోజే సుభద్ర చీర కొంది. మూడో నాటికి బస్సు టైము కూడా చూసుకుంది. కానీ తెల్లారేసరికి కాళ్లు రాలేదు. వీధి మొగలో దిగాలి, గొంతెత్తాలి, ఊరంతా చూస్తుండగా ఏడుస్తూ నడవాలి. తను చదువు చెప్పిన పిల్లలంతా పెద్దవాళ్లై గుమ్మాల్లో నిలబడి చూస్తారు. గొంతు రాకపోతే? నేస్తం మొగుడు పోతే టీచరమ్మ బొమ్మలా నడిచొచ్చిందంటారు. గొంతు వస్తే? అది ఇంకా భయం. చివరికి బొడ్డమ్మకి ఫోను చేసి, మోకాళ్ల నొప్పులని చెప్పింది. "ధైర్యంగా ఉండు నేస్తం" అంది. చీర పొట్లం కట్టి, ఒకప్పటి తన శిష్యుడు, పలాసలో ఆటో నడిపే దిలీప్ చేత పంపించింది.

ధైర్యంగా ఉండమని నేస్తానికి ఫోనులో చెప్పడం! ఆ మాట ఎవరైనా చెప్తారు, సర్పంచి చెప్తాడు, మందుల షాపువాడు చెప్తాడు. నేస్తం పని అది కాదు. "సీర అందింది నేస్తం" అని మర్నాడు బొడ్డమ్మ ఫోను చేసింది. ఒక్క తిట్టు లేదు, నిష్ఠూరం లేదు. ఆ ఏడు నుంచి సారెలు ఆగిపోయాయి. సుభద్ర ఫోను చేస్తే బాగున్నాననేది, అంతే.

మొన్న మాఘమాసంలో ఉమామహేశ్వరరావు పోయాడు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వాలిపోయాడు. బంధువులొచ్చారు. ఎవరి పని వాళ్లకి తెలుసు. వంటవాడూ, మంత్రం చెప్పేవాళ్లూ, బియ్యం బస్తా, గోదానం, ఏదీ ఎక్కడా తడుముకోలేదు. సుభద్ర వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించింది, ఫలానావారికి చెప్పారా అని గుర్తుచేసింది. "ఎంత నిబ్బరమో చూడండి" అన్నారు అందరూ. ఆమె ఇంట్లో అంతకంటే పెద్ద పొగడ్త లేదు.

కానీ తొలిరోజే, శవం ఇంకా లేవకముందే, సుభద్ర పెరట్లోకి వెళ్లి దిలీప్‌కి ఫోను చేసింది. "మా నేస్తానికి చెప్పు బాబూ" అంది. సాయంత్రం వాడు ఫోను చేసి, "సెప్పేసినాను మేడమ్" అన్నాడు.

మూడో నాడు సుభద్ర తెల్లవారుజామునే లేచింది. ఒక చెవి వీధిలోనే పెట్టుకుని ఇంట్లో తిరిగింది. ఆటో ఆగితే గుండె ఆగింది. బొడ్డమ్మ గొంతు వీధి మొగలో వినపడితే చాలు, ఎవరేమనుకున్నా లేచి పరిగెత్తుకెళ్దామనే అనుకుంది. అన్ని రోజుల్లో ఆమె కోరుకున్నది అదొక్కటే. కూరగాయల బండివాడి గొంతు వినపడింది. గ్యాసువాడి గొంతు వినపడింది. పొద్దు గూకింది. నాలుగో నాడు రాలేదు. పదో నాడూ రాలేదు. పన్నెండో రోజు భోజనాలయ్యాక సుభద్ర లోలోపల ఒప్పేసుకుంది. తను వెళ్లలేదు, ఆమె రాలేదు. చెల్లుకి చెల్లు.

బంధువులు వెళ్లిపోయారు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. సుభద్రకి నిద్ర కరువైంది. చేతులు వణకడం మొదలైంది, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. అన్నం కలుపుకుని అలాగే కూర్చునేది. డాక్టరు దగ్గరికెళ్తే, "టెన్షన్ పెట్టుకోకండమ్మా" అని మాత్రలు రాశాడు. చెల్లెలు ఉషశ్రీ ఫోనులో ఒక స్తోత్రం చెప్పి రోజుకి నూటెనిమిది సార్లు చదవమంది. చదివింది. అన్నగారి కొడుకు ఉదయశంకర్ విశాఖపట్నం నుంచి వచ్చి ఆమె ఫోనులో ధ్యానం యాప్ పెట్టి వెళ్లాడు. దాంట్లో ఒక అమ్మాయి తీయటి గొంతుతో, "ఇప్పుడు మీ ఊపిరిని గమనించండి" అనేది. సుభద్ర బుద్ధిగా గమనించేది. ఊపిరి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఆ పిల్లకి ఎవరు పోయారో పాపం అనుకునేది. ఎవరి మందు వాళ్లు ప్రేమగానే ఇచ్చారు. తప్పు పట్టడానికేం లేదు. ఒక్కదానికీ ఆమె లోపల గడ్డకట్టినది కరగలేదు.

మూడు నెలలు ఆ ఇంట్లో ఆమె మాట్లాడిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పాలవాడితో రెండు, పనమ్మాయితో నాలుగు. కొన్ని రోజులు అవీ లేవు.

వైశాఖంలో ఒకరోజు పొద్దున్న చీర మార్చుకుని, తాళం వేసి బస్సెక్కింది. ఏడాది తిరక్కుండా ఒకరి గడప తొక్కకూడదని ఉషశ్రీ చెప్పిన మాట గుర్తుంది. గుర్తుంటే ఏం? గడప తొక్కనిస్తుందో లేదో తెలియని చోటికే వెళ్తోంది. టెక్కలి నుంచి పలాస, అక్కడి నుంచి మందస, మందసలో ఆటో. దారంతా ఒకటే మాట. పొమ్మంటే వచ్చేస్తాను, అంతే కదా. కానీ పొమ్మంటే ఈ లోకంలో తను ఏడవగలిగిన చోటు ఇంకొకటి లేదని ఆమెకి తెలుసు.

ఇంటి దగ్గర ఎవరూ లేరు. బొడ్డమ్మ కోడలు పలాసలో జీడి ఫ్యాక్టరీకి పనికెళ్లిందట, బొడ్డమ్మ తోటలో ఉందని పక్కింటావిడ చెప్పింది. సుభద్ర తోటలోకి నడిచింది. జీడిచెట్ల కింద బొడ్డమ్మ ఒంగి రాలిన పళ్లు ఏరుతోంది, పిక్క తెంపి బుట్టలో, పండు పక్కకి. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అలికిడికి తలెత్తింది. బొట్టు లేని సుభద్ర నుదుటికేసి చూసింది. బుట్ట కింద పెట్టింది.

"ఓలమ్మ, నేస్తం! ఇంతెండలో ఒక్కదానివీ వొచ్చినావేటి? కూకో, ఇలగ నీడలో కూకో."

కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది. సగం సుభద్ర చీర మీద ఒలికింది. బొడ్డమ్మ తన కొంగుతో తుడిచింది.

"నువ్వు రాలేదు నేస్తం" అంది సుభద్ర. అలా అడగాలని అనుకోలేదు. అదే వచ్చేసింది.

"వొచ్చినాను."

"ఎప్పుడు?"

"మూడో నాడే. సీర కొనుక్కుని తొలి బస్సుకే వొచ్చినాను. మీ ఈది మొగల్లో దిగినాను. గొంతెత్తుదామని సూత్తే, ఈదిలో ఒక్క ఏడుపు ఇనిపించనేదు. మీ గుమ్మం ముందర మొగోళ్లు కుర్సీలేసుకుని పేపరు సదువుతన్నారు. నోపల్నుంచి కుక్కరు కూత. సావు జరిగిన ఇల్లు ఇదేనా అని నాకే అనుమానమొచ్చింది. ఇంతలోకి నువ్వు అవుపించినావు. వొచ్చినోళ్లకి మంచినీళ్లు ఇత్తన్నావు. కళ్లు పొడిగున్నాయి." బొడ్డమ్మ ఆగి, చేతికంటిన మట్టి దులుపుకుంది. "అప్పుడు పాత మాట గురుతొచ్చింది. నలుగురూ ఇంటారు, నాకు సిగ్గేత్తంది అన్నావు గదా ఆయేల. పెద్దోళ్ల ఈదిలో నాను గొంతెత్తితే నీకు సిన్నతనం. అందుకని ఎనక్కి తిరిగిపోనాను."

ఆ పొద్దున తను చెవులు రిక్కించుకుని గుమ్మంలో నిలబడిన సమయానికి, ఆ వీధి చివరే, నోరు తెరిచి మూసుకున్న మనిషి ఉంది.

"నీ గొంతు కోసమే చూశాను నేస్తం" అంది. "నువ్వు ఏడిస్తే నేనూ ఏడవొచ్చని కూర్చున్నాను."

"నాకేటి తెలుస్తాది నేస్తం" అంది బొడ్డమ్మ. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "మా ఆయన సచ్చిపోయినప్పుడు నువ్వు రానేదు గదా, ఆయేలే అనుకున్నాను. నేస్తానికి మా ఏడుపంటే సిగ్గు, ఇంక దాన్ని ఇబ్బంది పెట్టకూడదని."

"కోపం వచ్చిందనుకున్నాను."

"కోపమూ వొచ్చింది. రాదా మరి?"

ఎక్కడో తోటలో జీడిపండు రాలింది. తర్వాత సుభద్ర, "ఇప్పుడు ఏడు నేస్తం. ఆయన కోసం. నా తరపున" అంది.

బొడ్డమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా ఏడుపు ఆయేలే అయిపోనాది. టెక్కలి బస్టాండులో కూకుని ఏడిసేసినాను. సంచీ పోనాదేటమ్మా అని ఎవులో అడిగినారు. ఇంకున్నది నీదే. నీ వంతు నాను ఏడవనేను."

"నాకు రాదు."

"రాకపోడానికి అదేటి పాటా? పోయినోళ్లని వరసెట్టి పిలు. మిగిల్నాది అదే వొస్తాది."

సుభద్ర గొంతు సవరించుకుంది. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్లకి పైగా పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకున్న మనిషి, మొదటిసారి బళ్లో నిలబడ్డ పిల్లలా చెమటలు పట్టి కూర్చుంది. ముందు, పోలారావు పోయినప్పుడు ఏడవనిది ఏడవాలనుకుంది.

"పోలారావు బావగారూ..."

"గారూ ఏటి నేస్తం, తాసిల్దారా?" అంది బొడ్డమ్మ. నవ్వబోయి ఆపుకుంది.

సుభద్ర మళ్లీ నోరు తెరిచింది. ఈసారి తన మనిషినే పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలి? బొడ్డమ్మలా అయ్యా అనో, నా రాజా అనో అనడం ఆమెకి ఈ జన్మలో రాదు. పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆయన్ని పిలవడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్క మాటే.

"ఏవండీ" అంది.

రాగమేమీ రాలేదు. వంటింట్లోంచి భోజనానికి పిలిచినట్టు, మామూలుగా, కాస్త విసుగ్గా కూడా వచ్చింది. ఆ పిలుపుకి రోజూ వరండాలోంచి పేపరు మడిచిన చప్పుడు వచ్చేది, దాని వెనకాలే, "ఆఁ, వస్తున్నా" అని. అలవాటు కొద్దీ సుభద్ర ఆగింది. ఆ మాట కోసం ఆగింది. తోటంతా నిశ్శబ్దంగా ఉంది.

జవాబు రాలేదు.

సుభద్ర ఇంకోసారి పిలిచింది, ఈసారి గట్టిగా, వినపడలేదేమో అన్నట్టు. ఆ పిలుపు సగంలో విరిగిపోయింది. గొంతులోంచి ఆమెకే తెలియని చప్పుడేదో బయటికొచ్చింది. ఏవండీ, ఏవండీ అంటూ నేలమీద చేతులు ఆనించి ఒంగిపోయింది. పక్క తోటల్లో పిక్కలు ఏరుతున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి ఇటు చూశారు.

ఉమామహేశ్వరరావు పోయి అప్పటికి మూడు నెలలు. సుభద్రకి మాత్రం ఆయన ఆ మధ్యాహ్నమే పోయాడు.